ఉప్పునీళ్ళతో దాహం తీరదు!

మంటలార్పేవాళ్ళకు నడిసముద్రంలో ఏం పని? అని మీరడగవచ్చు. గాయపడిన, జబ్బుపడిన అగ్నిమాపక సిబ్బందినీ, వారి కుటుంబాలనూ ఆదుకునే సేవానిధి ఒకటి బ్రిటన్‌లో 1943 నుంచీ ఉంది. ఇలాంటి సేవాసంస్థలకు చందాలు పోగుచేయడానికి అక్కడి ఫైర్‌మెన్ కొందరు చిన్న తెడ్ల పడవల్లో అట్లాంటిక్ సముద్రం దాటడానికి పూనుకున్నారు. కానరీ దీవుల్లోని లా గొమేరా నుంచి వెస్టిండీస్‌లోని ఆంటిగ్వా వరకు సుమారు 3,000 మైళ్ళు! రెండు గంటలు తెడ్డు వేయడం, రెండు గంటలు విశ్రాంతి. వారాల తరబడి రాత్రింబవళ్ళు ఇదే వరస.

మంటల ముందు చెమటలు కక్కడం వాళ్ళకు కొత్త కాదు. కాని ఆ చెమటకు బదులు నీళ్ళు తాగాలి కదా! చుట్టూ ఉన్నది ఉప్పునీరు. అందుకే ఆ పడవల్లో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రం ఉంటుంది. ఎండతో తయారయ్యే కరెంటుతో అది నడుస్తుంది.

సముద్రపు నీరే తాగితే ఏమవుతుంది? లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన మూత్రపిండాలు లీటరు మూత్రంలో సుమారు 20 గ్రాములకు మించి బయటికి పంపలేవు. అంటే ఒక లీటరు తాగితే, ఆ ఉప్పును వదిలించుకోవడానికి లీటరున్నర పైగా నీరు ఒంట్లోంచి పోతుంది. తాగినకొద్దీ శరీరం ఎండిపోతుంది. ఎంత కండబలం ఉన్నవాడికైనా ఇంతే.

ఇదంతా మనకెందుకంటారా? ఈ పొరపాటు మన వంటింట్లోనూ జరుగుతుంది. పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పట్టిస్తాం. మంచిదే. కాని "నాలుగు రాళ్ళు ఎక్కువ వేస్తే త్వరగా తేరుకుంటాడు" అని ఉప్పు గుప్పిస్తే పసివాడి ప్రాణానికే ముప్పు.

కొలత గుర్తుంచుకోండి. కాచి చల్లార్చిన లీటరు నీటికి తలకొట్టిన టీ చెంచాతో చక్కెర ఆరు, మెత్తని ఉప్పు అర చెంచా మాత్రమే. రుచి చూడండి. కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి. మందుల షాపులో దొరికే ఓ.ఆర్.ఎస్. పొడి ఇంకా మేలు. ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్ళు రాసి ఉంటే అన్నింటిలోనే మొత్తం కలపండి. విరేచనమైనప్పుడల్లా, రెండేళ్ళలోపు పిల్లలకు పావు నుంచి అర కప్పు వరకు చెంచాతో పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్ళీ మొదలుపెట్టండి. తల్లిపాలు మానిపించవద్దు. కలిపిన నీళ్ళు మర్నాటికి ఉంచవద్దు.

కళ్ళు లోతుకుపోయినా, మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనబడినా, బిడ్డ మగతగా ఉండి తాగలేకపోయినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి; బిడ్డ మెలకువగా ఉండి తాగగలిగితేనే దారిపొడవునా ఆ నీళ్ళు పట్టిస్తూ ఉండండి.