కాంక్రీటులో ఒక బిందె నీరు

ఊరిలో వీధికి సిమెంటు రోడ్డు వేయునప్పుడు మనమందరము కొంతసేపు నిలిచి చూతుము. కలుపుయంత్రము గిరగిర తిరుగుచుండును. కూలీలు తట్టలతో ఇసుక, కంకర అందింతురు. నడుమనడుమ మేస్త్రీ “నీళ్ళు పోయండి, మాలు కదలడం లేదు” అని కేక వేయును. ఎవరో ఒక బిందె నీరు గుమ్మరింతురు. చూచువారికి అది చాల చిన్న సంగతి. కాని ఆ రోడ్డు ఇరువది యేండ్లు నిలుచునా, మూడవ వానకాలమునకే పైపొర రాలి కంకర బయటపడునా అనునది చాలవరకు ఆ బిందెపై ఆధారపడి యున్నది.

నీరు ఆరిపోవుటచే సిమెంటు గట్టిపడునని పెక్కుమంది తలంతురు. అది పొరపాటు. ఎండి గట్టిపడునది బురద. సిమెంటు నీటితో రసాయనికముగ కలిసి గట్టిపడును; అందుచేతనే నీటి లోపల పోసిన కాంక్రీటుకూడ బిగియును. ఈ సంయోగమునకు సిమెంటు బరువులో సుమారు నాల్గవ వంతు నీరు చాలును. ఏర్పడిన పదార్థపు సూక్ష్మరంధ్రములలో మరికొంత చిక్కుకొనును. మిగిలినదంతయు మాలు సులభముగ పరచుటకే. అది క్రమముగ ఆవిరియై పోవును, పోయినచోట రంధ్రములు మిగులును. నీటికి, సిమెంటుకు గల నిష్పత్తి పెరిగినకొలది కాంక్రీటు బలము తగ్గునని 1918లో అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ అను శాస్త్రజ్ఞుడు ప్రయోగములతో చూపెను. 50 కిలోల సంచికి 25 లీటర్ల నీరు పోసిన నిష్పత్తి 0.5. పైన 10 లీటర్ల బిందె ఒక్కటి పోసినచో అది 0.7 అగును, బలము మూడవ వంతుకు పైగా తగ్గిపోవచ్చును. సిమెంటు అంతే, ఖర్చు అంతే!

ఇట్టి విషయములను మేస్త్రీ అంచనాకు వదలక నియమములుగ వ్రాసిపెట్టినవే ప్రమాణములు. 1947లో ఏర్పడిన భారత ప్రమాణాల సంస్థ కాంక్రీటు పనులకు ఐ.ఎస్. 456 అను ప్రమాణమును 1953లో మొదట ప్రకటించినది. 1987లో ఆ సంస్థ స్థానమున భారత ప్రమాణాల బ్యూరో వచ్చినది. ఆ ప్రమాణము పలుమార్లు సవరింపబడి 2000లో మరల వెలువడినది.

ఎం-20 అను రకము కాంక్రీటును తీసికొందము. ప్రతి ప్రక్క 150 మిల్లీమీటర్లు గల ఘనమును పోసి, 28 దినములు నీటిలో నుంచి, యంత్రములో నొక్కినప్పుడు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లకు ఆగవలెనని దాని భావము. అనగా ఆ చిన్న దిమ్మె సుమారు 46 టన్నుల బరువును మోయవలెను! 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందము గల వీధికి 45 ఘనపు మీటర్ల కాంక్రీటు పట్టును. దానికి కనీసము నాలుగు నమూనాలు తీయవలెను. నమూనాకు మూడు చొప్పున 12 ఘనములు.

అయితే ఇచట ఒక చిక్కున్నది. ఘనము నీటితొట్టిలో చల్లగ నుండును. రోడ్డు ఎండలో పడియుండును. కనుక ఘనము మాలు మంచిదని చెప్పునేగాని రోడ్డు మంచిదని చెప్పదు. వేడి, పొడి వాతావరణములో కనీసము 10 దినములు కాంక్రీటును తడిగ నుంచవలెనని ప్రమాణము చెప్పుచున్నది. మట్టిగట్లు కట్టి నీరు నిలుపుటయో, తడి గోనెపట్టాలు కప్పుటయో ఏ యంత్రమును తరువాత కనిపెట్టి చెప్పజాలదు. ఎవరైన వచ్చి చూడవలసినదే.

ఇసుక చేయు మోసము మరియొకటి. దీనిని తరగతిలోనే చూపవచ్చును. గాజుపాత్రలో తడి ఇసుకను వదులుగ పోసి ఎత్తు కొలువుడు. 15 సెంటీమీటర్లున్నదనుకొందము. ఇసుకను తీసి, పాత్రలో సగము నీరు పోసి, మరల ఇసుక వేసి కడ్డీతో కలుపుడు. ఎత్తు 12 సెంటీమీటర్లకు దిగినచో ఆ ఇసుక తడివలన నాల్గవ వంతు ఉబ్బియున్నదన్నమాట. తట్టతో కొలుచు మేస్త్రీకి ఇసుక తక్కువ పడును. దానిలో దాగిన నీరు లెక్కకు రాదు.

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, రోడ్లు, కల్వర్టులు, త్రాగునీరు మున్నగు 29 విషయములను పంచాయతీలకు అప్పగింపదగినవిగ చేర్చినది. ఆ పనులను చూచునది మండల ఇంజనీరు. ఒకే దినమున అతడు పలు గ్రామములలో ఉండలేడు. అతనికి గ్రంథముల కొరత లేదు: ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2002లో గ్రామీణ రహదారులకు ప్రత్యేకముగ ఒక మాన్యువల్ ప్రచురించినది. 1965లో ముస్సోరీనుండి హైదరాబాదునకు తరలివచ్చిన గ్రామీణాభివృద్ధి సంస్థ, 1998లో అచటనే నెలకొల్పబడిన నిర్మాణ అకాడమీ శిక్షణ నిచ్చుచున్నవి. కాని బిందె పట్టుకొన్నవాడు ఇంజనీరు కాడు. ఆ మాన్యువల్ ఇంగ్లీషులో నున్నది. పనిచోట మాట్లాడునది తెలుగు.

నా అభిప్రాయమున మేస్త్రీల శిక్షణకు ఉపన్యాసముకంటె రెండు ఘనములు మేలు. ఒకే సిమెంటు, ఒకే ఇసుక, ఒకే కంకర. ఒకదానికి కొలత ప్రకారము నీరు, రెండవదానికి వారు అలవాటుగ పోయునంత. 28 దినముల తరువాత వారి యెదుటనే రెండింటిని యంత్రములో పెట్టి, పగిలినప్పుడు ముల్లు చూపిన అంకెను వారిచేతనే చదివింపవలెను.