1952 మద్రాసు టెస్టు: భారత జట్టు తొలి విజయం

1952 ఫిబ్రవరి 10న మద్రాసులోని చేపాక్ మైదానంలో భారత క్రికెట్ జట్టు ఇంగ్లండ్‌ను ఒక ఇన్నింగ్స్ 8 పరుగుల తేడాతో ఓడించింది. టెస్టు క్రికెట్‌లో మనకు అదే మొదటి గెలుపు. 1932 జూన్‌లో లార్డ్స్ మైదానంలో తొలి టెస్టు ఆడిన జట్టు ఆ గెలుపు కోసం దాదాపు 20 ఏళ్లు ఆగవలసి వచ్చింది. మద్రాసుకు ముందు ఆడిన 24 టెస్టుల్లో 12 ఓటములు, 12 డ్రాలు. ఒక్క విజయం లేదు.

ఒక ఆటల వార్తకు చరిత్ర పాఠంలో ఏం పని అని మీకు సందేహం రావచ్చు. చేపాక్‌లో ఆడిన ఆ పదకొండు మంది ఎవరు, అంతకు ఆరేడేళ్ల క్రితం వాళ్లు ఎవరి పక్షాన ఆడేవారు అన్నది చూస్తే ఆ సందేహం తీరుతుంది. అయితే ముందుగా ఆట సంగతి చూద్దాం. ఆట అర్థం కాకుండా చరిత్ర అర్థం కాదు.

టెస్టు మ్యాచ్ గెలవాలంటే పరుగులు చేస్తే చాలదు. నిర్ణీత కాలంలో ప్రత్యర్థి జట్టును రెండుసార్లు ఔట్ చేయాలి, అంటే సాధారణంగా 20 వికెట్లు పడగొట్టాలి. మన దగ్గర పరుగులు చేసేవాళ్లకు లోటు లేదు. 1948 జనవరిలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో విజయ్ హజారే రెండు ఇన్నింగ్స్‌లోనూ శతకాలు కొట్టాడు (116, 145). అయినా భారత్ ఆ మ్యాచ్‌లో ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోయింది. ఒక్కడు ఎంత బాగా ఆడినా వికెట్లు తీసేవాళ్లు లేకపోతే ఫలితం ఇలాగే ఉంటుంది.

చేతికి అందినట్టే అంది జారిపోయిన గెలుపులూ ఉన్నాయి. 1949 ఫిబ్రవరిలో బొంబాయిలో వెస్టిండీస్‌పై 361 పరుగుల లక్ష్యాన్ని వెంటాడిన మన జట్టు 8 వికెట్లకు 355 వద్ద ఉండగా ఆట ముగిసింది. కేవలం ఆరు పరుగులు తక్కువ! 1951 నవంబరులో ఢిల్లీ టెస్టులో గెలుపు దాదాపు ఖాయమనుకున్న దశలో ఇంగ్లండ్ ఆటగాడు అలన్ వాట్కిన్స్ గంటల తరబడి పాతుకుపోయి 137 పరుగులతో అజేయంగా నిలిచి మ్యాచ్‌ను డ్రాగా ముగించాడు. అదే సిరీస్‌లో కాన్పూర్‌లో జరిగిన నాలుగో టెస్టులో మనం ఓడిపోయాం. మద్రాసుది ఐదవది, చివరిది. అక్కడ గెలవకపోతే సిరీస్ పోయినట్టే.

టాస్ గెలిచిన ఇంగ్లండ్ బ్యాటింగ్ ఎంచుకుంది. రాబర్ట్‌సన్ 77, స్పూనర్ 66 పరుగులు చేశారు. అయినా జట్టు మొత్తం 266 దాటలేదు. కారణం వినూ మన్కడ్. నవానగర్ నుంచి వచ్చిన ఈ ఎడమచేతి స్పిన్నర్ 55 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. ఎడమచేతి స్పిన్నర్ వేసిన బంతి కుడిచేతి బ్యాట్స్‌మన్ నుంచి దూరంగా తిరుగుతుంది. దాన్ని కొట్టాలని బ్యాట్స్‌మన్ క్రీజు వదిలి ముందుకు వస్తాడు, బంతి తప్పిపోతుంది, వెనక ఉన్న వికెట్‌కీపర్ బెయిల్స్ పడగొడతాడు. ఆ ఇన్నింగ్స్‌లో బెంగాల్ కీపర్ ప్రొబీర్ సేన్ నలుగురిని ఇలాగే స్టంపౌట్ చేశాడు. స్కోరుకార్డులో మన్కడ్ పేరు పక్కన ఉన్న అంకెనే అందరూ చూస్తారు. సేన్ చేతులను కూడా లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం.

భారత్ 9 వికెట్లకు 457 వద్ద ఇన్నింగ్స్ డిక్లేర్ చేసింది. ప్రారంభ బ్యాట్స్‌మన్ పంకజ్ రాయ్ 111 చేశాడు. పాలీ ఉమ్రిగర్ 130తో అజేయంగా నిలిచాడు. నిజానికి ఉమ్రిగర్‌ను ఈ మ్యాచ్‌కు పక్కన పెట్టారు. చివరి నిమిషంలో హేమూ అధికారికి గాయం కావడంతో మళ్లీ పిలిచారు. రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ 183కే ముగిసింది. మన్కడ్‌కు నాలుగు వికెట్లు, హైదరాబాదు ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్‌కు నాలుగు. ఇక్కడ మీరు పెన్సిల్ తీసుకుని ఒక చిన్న లెక్క వేయండి. 266కు 183 కలిపితే 449. దాన్ని 457లో నుంచి తీసివేస్తే మిగిలేది 8. ‘ఇన్నింగ్స్ 8 పరుగులు’ అంటే ఇదే. మనం రెండోసారి బ్యాటింగ్ చేయవలసిన అవసరమే రాలేదు.

ఇప్పుడు ఆ పదకొండు మంది సంగతికి వద్దాం. స్వాతంత్ర్యానికి పూర్వం మన దేశంలో అత్యధిక జనాన్ని ఆకర్షించిన క్రికెట్ పోటీ బొంబాయి పెంటాంగ్యులర్. అందులో హిందువులు, ముస్లింలు, పార్శీలు, యూరోపియన్లు వేర్వేరు జట్లుగా ఆడేవారు. వీటిలో చేరనివారు, అంటే భారతీయ క్రైస్తవుల వంటివారు, ‘ది రెస్ట్’ అనే ఐదో జట్టులో ఆడేవారు. ‘మిగతావాళ్లు’ అని ఒక జట్టుకు పేరు పెట్టడంలోనే ఆనాటి ఆలోచనా విధానం మీకు కనబడుతుంది. ఆటలో మతాల వారీ జట్లు ఏమిటని 1940లో గాంధీజీ ఆక్షేపించారు. అయినా ఆ పోటీ 1946 దాకా సాగింది.

మద్రాసు జట్టులో మన్కడ్ ఒకప్పుడు హిందూ జట్టు ఆటగాడు. ముస్తాక్ అలీ ముస్లిం జట్టులో ఆడినవాడు. ఉమ్రిగర్ తన మొదటి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ 1944లో పార్శీల తరఫున ఆడాడు. ఇక మద్రాసులో సారథిగా ఉన్న విజయ్ హజారే క్రైస్తవుడు. ‘ది రెస్ట్’ తరఫున 1943లో హిందూ జట్టుపై జట్టు మొత్తం 387 పరుగుల్లో ఒక్కడే 309 చేశాడు. ఆ ‘మిగతావాళ్ల’ జట్టు నుంచి వచ్చినవాడే దేశానికి తొలి గెలుపు తెచ్చిన కెప్టెన్ అయ్యాడు. దేశ విభజన జరిగి అప్పటికి ఐదేళ్లు కూడా నిండలేదు.

గులాం అహ్మద్ విషయం తెలంగాణ విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. అదే సంవత్సరం డిసెంబరు 31న కలకత్తాలో మొదలైన టెస్టులో ఈ హైదరాబాదు యువకుడు భారత జట్టు తరఫున తొలిసారి ఆడాడు. మధ్యలో గడిచింది నాలుగు నెలలైనా కాదు.

సంస్థానాధీశుల పెత్తనం కూడా అప్పటికి సడలింది. 1932లో ఇంగ్లండ్ పర్యటనకు సారథిగా వెళ్లినవారు పోరుబందరు మహారాజా. ఆయన పక్కకు తప్పుకోవడం వల్లనే తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడుకు లార్డ్స్‌లో నాయకత్వం దక్కింది. 1936లో మన విజయనగరం మహారాజకుమార్, అభిమానులు ‘విజ్జీ’ అని పిలిచే దొర, జట్టును నడిపించాడు. ఆ పర్యటన మధ్యలోనే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట ఇంటికి పంపేశారు. ఆ అమర్‌నాథ్ 1952లో చేపాక్ జట్టులో ఉన్నాడు.

మరొక యాదృచ్ఛికం. ఆట మొదటి రోజైన ఫిబ్రవరి 6నే బ్రిటిష్ రాజు ఆరవ జార్జి మరణించాడు. విశ్రాంతి దినాన్ని ముందుకు జరిపి 7వ తేదీన ఆట ఆపారు. రెండేళ్ల క్రితం గణతంత్ర రాజ్యమయ్యే వరకు మనకూ ఆయనే రాజు. దీనికీ మ్యాచ్ ఫలితానికీ సంబంధం కలపడం కొందరికి ఇష్టం. చరిత్ర విద్యార్థులు ఆ పని చేయకూడదు.

ఈ విజయం విలువను తగ్గించే వాదన ఒకటుంది, దాన్నీ వినాలి. హటన్, కాంప్టన్, బెడ్సర్ వంటి మేటి ఆటగాళ్లు ఆ పర్యటనకు రాలేదు. కెప్టెన్ నైజల్ హోవర్డ్ అనారోగ్యంతో తప్పుకోగా మద్రాసులో డొనాల్డ్ కార్ నడిపించాడు. ఈ మాటలన్నీ నిజమే. కానీ ఇదే జట్టు ఢిల్లీలో ఓటమి తప్పించుకుంది, కాన్పూర్‌లో మనల్ని ఓడించింది. మద్రాసు గెలుపుతోనే సిరీస్ 1-1తో సమమైంది.

ఎనిమిది నెలల తరువాత, 1952 అక్టోబరులో, లక్నోలో మరో దేశం తన తొలి టెస్టు విజయం సాధించింది. అది పాకిస్తాన్. ఓడినది మనమే. ఆ మ్యాచ్‌లో 12 వికెట్లు తీసిన ఫజల్ మహమూద్ 1947లో ఆస్ట్రేలియా వెళ్లే భారత జట్టుకు ఎంపికైనవాడు. విభజన తరువాత ఆ పర్యటనకు వెళ్లలేదు. మద్రాసులో మన్కడ్ తీసిన వికెట్లూ మొత్తం 12.