పెద్ద లా ఫర్మ్ ఆఫర్లు: కోర్టులో వాదించాలనుకునేవాళ్లు ఏం అడగాలి?

రెండు పెద్ద లా ఫర్మ్‌ల నుంచి ఆఫర్లొస్తే మన పిల్లలు ముందు జీతం చూస్తారు. తప్పేం లేదు. చదువు అప్పు నెత్తిమీదున్నవాళ్లకు నీతులు చెప్పడం మావల్ల కాదు. జూనియర్ లాయర్లకు నగరాల్లో నెలకు కనీసం 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో చెప్పింది. కానీ అది సిఫారసే.

వాదించాలన్నదే కోరికైతే ఏ టీమ్‌లో వేస్తారో అడగండి. లిటిగేషన్ టీమ్ అన్నంత మాత్రాన సరిపోదు. పెద్ద ఫర్మ్‌లలో జూనియర్లు డ్రాఫ్టులు రాస్తారు, పాత తీర్పులు వెతుకుతారు. పెద్ద కేసుల్లో జడ్జి ముందు నిలబడి వాదించేది చాలాసార్లు బయటి నుంచి పిలిచిన సీనియర్ అడ్వొకేటే. అందుకే అక్కడ రెండేళ్లుగా పనిచేస్తున్న జూనియర్‌ను పట్టుకుని, ఈ ఏడాది కోర్టులో ఎన్నిసార్లు నోరు విప్పారో అడగండి. వాయిదా కోరడం కూడా లెక్కే. హెచ్‌ఆర్ మాటకన్నా ఆ జవాబునే మేం నమ్ముతాం.

ఇది మనకెందుకంటే, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 15వ సెక్షన్ కింద స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా నియమించే న్యాయవాదికి ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్లు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పిచ్చింది. ఆ మూడేళ్లు ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ రోజు నుంచే లెక్క. ఏ ఫర్మ్ ఎంచుకున్నా ఆ పని మాత్రం రేపటికి వదిలేయకండి.