పెనుకొండ బండియా, శ్రీపెరుంబుదూరు బండియా?

పెనుకొండ పేరు వినగానే మన పెద్దలకు బాబయ్య దర్గా, కొండమీది కోట గుర్తుకు వస్తాయి. ఇప్పటి పిల్లలకు మాత్రం ఎర్రమంచి వద్ద ఉన్న కార్ల కర్మాగారమే గుర్తుకు వస్తుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ పీఠభూమిలో, వేరుశనగ రైతు మబ్బుల వైపు చూస్తూ కాలం గడిపే ఈ నేలలో, కియా సంస్థ 2017లో ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకొని 2019లో తన తొలి భారతీయ కారును విపణిలోకి పంపింది. హంద్రీ–నీవా కాలువ ద్వారా గొల్లపల్లి జలాశయానికి చేరే నీరే ఆ కర్మాగారానికి ఆధారం. 2025 జూలైలో అక్కడి నుంచే కారెన్స్ క్లావిస్ ఈవీ అనే విద్యుత్తు కారు వెలువడింది. అంతకు ఆరు నెలల ముందు, జనవరిలో, అదే కొరియా కుటుంబానికి చెందిన హ్యుందాయ్ సంస్థ తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు నుంచి క్రెటా ఎలక్ట్రిక్‌ను తెచ్చింది.

ఈ రెండింటిలో ఏది కొనాలన్న ప్రశ్న మా వద్దకు తరచుగా వస్తోంది. ఇటీవల అడిగినవారిలో అనంతపురం పట్టణంలో వ్యాపారం చేసుకొనే ఒక కుటుంబం ఉంది. ఇంట్లో ఏడుగురు. పెద్దాయనకు గుండె శస్త్రచికిత్స జరిగింది. రెండు నెలలకోసారి బెంగళూరులో వైద్యుని చూపించుకోవాలి. వడ్డీ అప్పు జోలికి పోకూడదన్నది వారి నియమం. కనుక ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముకు, ఊరి బయట అమ్మిన ఒక ఇంటిస్థలం సొమ్ము కలిపి ఒకేసారి చెల్లించదలచారు. వాయిదాల మీద కొన్నవాడు తప్పు బండి ఎంచుకుంటే నెలనెలా బాధపడతాడు. వీరికి ఆ తప్పు జరిగితే ఒక స్థలమే పోయినట్లు. అందుకే ఈ విషయాన్ని కాస్త లోతుగా చూశాము.

మొదట చెప్పవలసినది, ఈ రెండు కార్లూ లోపల దాదాపు అన్నదమ్ములే. రెండింటిలోనూ చిన్న బ్యాటరీ 42 కిలోవాట్ అవర్లు, పెద్ద బ్యాటరీ 51.4 కిలోవాట్ అవర్లు. కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులోని ఒక యూనిటే. బ్యాటరీకి ఇచ్చే హామీ కూడా ఒకటే: ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు. అయితే విడుదలనాటి ప్రకటనల్లో పెద్ద బ్యాటరీ క్రెటాకు 473 కిలోమీటర్లు, క్లావిస్‌కు 490 కిలోమీటర్లు అని రాశారు. పొడవైన, బరువైన, ఏడుగురు కూర్చునే బండి అంతే బ్యాటరీతో ఎక్కువ దూరం పోతుందా? ఈ అంకెలు ప్రయోగశాలలో, నిర్ణీత వేగాలతో, ఏసీ భారం సరిగా లెక్కకు రాని పరీక్షలో తేలినవి. వాటిని పట్టుకొని ఒక బండి కంటే మరొకటి మేలని తేల్చడం అనవసరం. జాతీయ రహదారిపై ఏసీ వేసుకొని, నిండు కుటుంబంతో వెళ్లేటప్పుడు అందులో మూడింట రెండు వంతులు దక్కితే చాలుననుకోవడం వివేకం.

అనంతపురం వారికి మరో లెక్క ఉంది. షోరూంలో దానిని ఎవరూ చెప్పరు. మన పట్టణం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది. బెంగళూరు 920 మీటర్ల ఎత్తున ఉంది. అంటే 215 కిలోమీటర్ల దారి పొడవునా మనకు తెలియకుండానే దాదాపు 585 మీటర్లు పైకెక్కుతాము. మనుషులతో, సామానుతో కలిపి రెండు టన్నుల బరువును అంత ఎత్తుకు చేర్చడానికే మూడు యూనిట్లకు పైగా కరెంటు ఖర్చవుతుంది. సాధారణ ప్రయాణానికి వంద కిలోమీటర్లకు 17 యూనిట్లు వేసుకుంటే 215 కిలోమీటర్లకు 36 యూనిట్లు దాటుతాయి. ఎత్తు లెక్క కలిపితే నలభై. ఇప్పుడు 42 యూనిట్ల బ్యాటరీని చూడండి! హెబ్బాళ వంతెన చేరేసరికి ఏమీ మిగలదు. ఆపైన ఆ నగరపు రద్దీ ఉండనే ఉంది. 51.4 యూనిట్ల బ్యాటరీ అయితే పదకొండు యూనిట్లు మిగులుతాయి. తిరుగు ప్రయాణంలో దిగుడు కనుక కొంత కలిసి వస్తుంది. కానీ రోగిని తీసుకొని వెళ్లేది పోయేటప్పుడే.

కాబట్టి బెంగళూరు మార్గం తప్పనిసరి అయినవారికి అసలు ఎంపిక క్రెటా, క్లావిస్ మధ్య కాదు, చిన్న బ్యాటరీ, పెద్ద బ్యాటరీ మధ్య. రెండు కార్లూ 17.99 లక్షల రూపాయల ప్రారంభ ధరతోనే వచ్చాయి. ఆ ధర చిన్న బ్యాటరీది. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించేది ఆ అంకె. పెద్ద బ్యాటరీ కావాలంటే విడుదలనాటి షోరూం ధర క్రెటాకు 21.50 లక్షలు, క్లావిస్‌కు 22.49 లక్షలు. బీమా, రిజిస్ట్రేషన్ దానికి అదనం. కొన్న తరువాత పెద్ద బ్యాటరీ పెట్టించుకోవచ్చులే అనుకోవద్దు.

ఇక సీట్లు. క్రెటాలో అయిదుగురికే చోటు. వెనుక సామానుకు 433 లీటర్ల స్థలం. ఇద్దరు పిల్లలున్న దంపతులకు, వెంట అమ్మమ్మో నాన్నమ్మో వచ్చినా, అంతకంటే మంచి బండి ఎందుకు? పొట్టిగా ఉంటుంది కనుక పాతవూరు సందుల్లో తిప్పడం కూడా సులభం. క్లావిస్‌లో మూడు వరుసలు. కానీ మూడో వరుస నిండితే సామానుకు మిగిలేది 216 లీటర్లే. ఏడుగురి సంచులకు అది చాలదు. పెళ్లికి పోయే కుటుంబమంటే బిర్యానీ డేగిశా మినహా అన్నీ వెంట వస్తాయి గదా! మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దలను మూడో వరుసలోకి ఎక్కించకూడదు. వారిని మధ్య వరుసలో కూర్చోబెట్టి, వెనుక పిల్లలను పెడితేనే ఆ బండి పనికివస్తుంది.

ఛార్జింగు వేగం విషయంలోనూ ప్రకటనలను జాగ్రత్తగా చదవాలి. క్రెటాకు పది శాతం నుంచి ఎనభై శాతం వరకు 58 నిమిషాలన్నారు. క్లావిస్‌కు 39 నిమిషాలన్నారు. చూడగానే క్లావిస్ గెలిచినట్లుంటుంది. మొదటిది 50 కిలోవాట్ల ఛార్జరుతో చెప్పిన మాట, రెండవది 100 కిలోవాట్ల ఛార్జరుతో చెప్పినది. కుళాయి సన్నదైతే ఏ బిందె అయినా ఆలస్యంగానే నిండుతుంది. కనుక కారు కంటే ముందు మీ దారిలోని ఛార్జర్ల బలం తెలుసుకోవాలి. పనిచేస్తున్నవి ఎన్నో, ఒక్క తుపాకీ మాత్రమే ఉన్నవి ఎన్నో రాసుకోవాలి. జుహర్ నమాజుకు, భోజనానికి ఆగే సమయం ఛార్జింగుకు సరిపోతుంది. మన ముందు మరో రెండు కార్లు వరుసలో ఉంటే మాత్రం సరిపోదు.

ఇంట్లో ఛార్జింగు అంత కష్టం కాదు. రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగితే ఆరేడు యూనిట్లు చాలు. పదహారు ఆంపియర్ల సాకెట్టుతో రెండు మూడు గంటల పని. సింగిల్ ఫేజ్ కనెక్షన్ ఉన్న ఇంట్లో 11 కిలోవాట్ల ఛార్జరు పూర్తి బలంతో పనిచేయదని గుర్తుంచుకోవాలి. ముందుగా ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు పరీక్షింపజేయాలి. మన నేల ఎండాకాలంలో పూర్తిగా పొడిబారుతుంది. ఎర్తు గుంతలో తేమ లేకపోతే రక్షణ తగ్గుతుంది. రామగిరి గుట్టల మీది గాలిమరలు, నంబులపూలకుంట సౌర ఫలకాలు చూసినవారికి ఈ నేలకు కరెంటు కరవు లేదని తెలుసు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల ఇంటికప్పు యూనిటుకు 78,000 రూపాయల వరకు రాయితీ ఉంది. అది రోజుకు సుమారు పన్నెండు యూనిట్లు ఇస్తుంది. అందులో సగం కారుకు చాలు.

డబ్బు లెక్కకు వద్దాము. నష్టాలు కలుపుకొని వంద కిలోమీటర్లకు పదహారున్నర యూనిట్లు, యూనిటు పది రూపాయలనుకుంటే 165 రూపాయలు. లీటరుకు పదహారు కిలోమీటర్లిచ్చే డీజిల్ బండికి సుమారు 600 రూపాయలు. వంద కిలోమీటర్లకు మిగులు 435. విద్యుత్తు కారుకు నాలుగు లక్షలు అదనంగా పెట్టారనుకుందాం. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవారికి ఆ సొమ్ము నాలుగేళ్లలోపు తిరిగి వస్తుంది. నెలకు వెయ్యి తిరిగేవారికి ఏడున్నరేళ్లు దాటుతుంది. అయిదు వందలు తిరిగేవారు ఈ రెండు కార్లనూ చూడవలసిన పనే లేదు. పక్కింటివారు కొన్నారన్నది కారణం కాదు. దారిలోని ఛార్జర్ల వద్ద యూనిటు ఇరవై రూపాయలు దాటుతుంది కనుక ఇంట్లో ఛార్జింగు చేసుకోలేనివారికి మిగులు సగానికి పడిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద డీజిల్ కార్ల మీద జీఎస్టీ 40 శాతం, విద్యుత్తు కార్ల మీద 5 శాతం. ఈ తేడా కొనేవారికి కొంత ఊరట.

ఎండ సంగతి మరువరాదు. నలభై రెండు డిగ్రీల మధ్యాహ్నం నిండు ఛార్జితో బండిని ఎండలో నిలపడం బ్యాటరీకి మంచిది కాదు. రోజువారీ తిరుగుడుకు ఎనభై శాతం చాలు. దూరప్రయాణం ముందు రాత్రి మాత్రమే నూరు శాతం నింపాలి. రెండు కార్ల బ్యాటరీలకూ ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంది. అయినా వేపచెట్టు నీడ ఉచితమే గదా.

ఆ కుటుంబానికి మేము చెప్పినది ఇది: ఏడుగురు ఉన్నారు, బెంగళూరు తప్పదు, కనుక పెద్ద బ్యాటరీ క్లావిస్ చూడండి. అయిదుగురే అయి ఉంటే క్రెటా చూడమనేవాళ్లం, లక్ష రూపాయలు మిగిలేవి. సొమ్ము చెల్లించే ముందు షోరూంవారిని గట్టిగా అడిగి, ఏడుగురూ కూర్చొని, మిట్టమధ్యాహ్నం ఏసీ వేసుకొని పెనుకొండ దాకా వెళ్లి రండి. రాకపోకలు సుమారు 140 కిలోమీటర్లు. బయలుదేరేటప్పుడు, తిరిగి వచ్చాక తెర మీది శాతం కాగితం మీద రాసుకోండి. తేడా యాభైకి లోపు ఉంటే పెద్దాయనను దారిలో ఆగకుండా బెంగళూరు చేర్చవచ్చు. యాభై దాటితే చెక్కు రాయకుండా ఇంటికి రండి.