మరల వచ్చిన ఇల్లు

దక్షిణ కొరియా రాజధాని సియోల్ నగరంలో 'ఉరేఓక్' అనే భోజనశాల ఉన్నది. మండువేసవి మధ్యాహ్నాలలో దాని ముంగిట జనం బారులు తీరి నిలుచుంటారు. వారిని అక్కడికి రప్పించేది 'నేంగ్‌మ్యాన్' అనే వంటకం. 'నేంగ్' అంటే చల్లనిది, 'మ్యాన్' అంటే పిండితో తీసిన పోగులు. చూపునకు అవి మన సేమ్యాను పోలి ఉంటాయి.

ఈ వంటకానికి పుట్టినిల్లు సియోల్ కాదు, నేటి ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్. ఉత్తర భారతంలో 'కుట్టు' అని వ్యవహరించే గింజల పిండితో పోగులు తీసి, ఉడికించి, చన్నీళ్ళలో కడిగి, చల్లార్చిన మాంసపు చారులో వేస్తారు. పైన ముల్లంగి, బేరిపండు ముక్కలు అమరుస్తారు. పూర్వం ఇది శీతకాలపు భోజనం. బయట మంచు కురుస్తూండగా, అడుగున పొయ్యి సెగతో వెచ్చబడిన నేలపై కూర్చుండి, కుండలలో ఊరిన ముల్లంగి నీటిని కలుపుకొని తినేవారు. ఉప్పుకారాలు మరిగిన నాలుకకు ఇది చప్పగా తోచడం సహజం. మొదటిసారి రుచి చూసిన సియోల్ వాసులు కూడా ఆ మాటే అంటారు.

1945లో జపాను పాలన అంతరించిన వెంటనే కొరియా రెండుగా చీలింది. మరుసటి ఏడు ప్యాంగ్యాంగ్ నుండి వచ్చినవారు సియోల్‌లో ఈ భోజనశాలను నెలకొల్పారు. 1950లో యుద్ధం రాగా దానిని మూసివేసి ప్రాణాలు దక్కించుకొన్నారు. యుద్ధానంతరం తిరిగి వచ్చి, 'ఉరేఓక్' అన్న పేరు పెట్టారు. ఆ పేరులోని మూడక్షరాలకు 'మరల వచ్చిన ఇల్లు' అని అర్థం. వారు సియోల్‌కు మరలి రాగలిగారు గాని, ప్యాంగ్యాంగ్‌కు మరలి పోలేకపోయారు. 1953 జూలై 27న కాల్పుల విరమణ జరిగినది; శాంతి ఒప్పందం నేటికీ కుదరలేదు.

ఉత్తరాదిని విడిచి వచ్చిన లక్షలాది జనులకు ఇటువంటి భోజనశాలలే ఊరి రచ్చబండలైనవి. అక్కడ తమ యాస వినబడేది, తమ ఊరివారు కనబడేవారు. సరిహద్దుకు ఆవల చిక్కుకొన్న బంధువులను చూడగోరి దక్షిణ కొరియాలో పేర్లు నమోదు చేసుకొన్నవారు 1,30,000కు పైబడి ఉన్నారు. వారిలో సగానికి మించినవారు ఇప్పటికే కన్నుమూశారు.

2018 ఏప్రిల్ 27న ఉభయ కొరియాల అధినేతలు సరిహద్దు గ్రామమైన పన్‌మున్‌జోమ్‌లో సమావేశమయ్యారు. ఆనాటి విందుకు ప్యాంగ్యాంగ్‌లోని ప్రసిద్ధ భోజనశాల 'ఓక్‌ర్యుగ్వాన్' వారి నేంగ్‌మ్యాన్‌ను ఉత్తర కొరియా నేత కిమ్ జోంగ్ ఉన్ ప్రత్యేకంగా తెప్పించారు. ఆ వార్త వినగానే సియోల్‌లోని నేంగ్‌మ్యాన్ శాలల ముందు బారులు పెరిగాయి. ఆ ఉత్సాహం ఎంతోకాలం నిలువలేదు. 2020 జూన్‌లో ఉభయుల అనుసంధాన కార్యాలయ భవనాన్ని ఉత్తర కొరియా పేల్చివేసింది. 2022లో ప్యాంగ్యాంగ్ నేంగ్‌మ్యాన్ సంప్రదాయం యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. దానిని ప్రతిపాదించినది ఉత్తర కొరియా ఒక్కటే.

ఉరేఓక్‌లో ఆ తొలితరం వృద్ధులు నేడు అరుదు. బారులో నిలుచుంటున్నది మనుమల తరం. సియోల్ నుండి ప్యాంగ్యాంగ్‌కు దూరం రెండు వందల కిలోమీటర్లకు లోపే. ఆ ఊరు కంటితో చూసినవారు వారిలో దాదాపు లేరు.