ఆట నడుమ నాఱిపోవు కంప్యూటరు



పిల్లలు కంప్యూటరుపై వీడియో గేము లాడుచుండగా, దీపము నార్పినట్లు యంత్రము తటాలున నాగిపోవుట నేడు పెక్కిండ్లలో కలదు. వ్రాతపనిలో లేని యీ చిక్కు ఆటలోనే కలుగుటచే పెద్దలు ఆటను నిందింతురు. మరమ్మతు చేయువారిలో కొందఱు మదర్‌బోర్డు మార్పుమందురు. కారణ మెఱుంగక వస్తువును మార్చుట రోగ మెఱుంగక మందిచ్చుట వంటిది.

వ్రాయునప్పుడు గ్రాఫిక్స్ కార్డు నిద్రించుచున్నట్లే యుండును. ఆట మొదలైనతోడనే, పెద్ద కార్డైనచో, అది 200 వాట్లకు మించి విద్యుత్తును లాగి, అంతయు వేడిగా వెలిగ్రక్కును. కావున దోషమును వేడిమియందును, విద్యుత్తునందును వెదుకవలెను.

మొదట వేడిమి. పంకా చల్లదనమును పుట్టింపదు. లోని వేడిని గదిలోనికి త్రోయును, అంతే. సంక్రాంతినాడు 25 డిగ్రీల గదిలో 80 డిగ్రీలున్న ప్రాసెసరు, రాజమహేంద్రవరమున రోహిణీకార్తెలో గది 43 డిగ్రీలైనచో, అదే యాటకు దాదాపు 98 డిగ్రీలకు చేరును. 100 డిగ్రీల ప్రాంతమున ప్రాసెసరు తన వేగమును తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకై ఆఱిపోవును. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాముతో ఈ డిగ్రీలను చూడవచ్చును. ఆట నత్తనడక పట్టి పిమ్మట ఆగినచో వేడిమినే శంకింపుడు. ధాన్యపు మిల్లుల చేరువ నిండ్లలో ఊకదుమ్ము పంకాను, దాని వెనుకనుండు లోహపు పలకల సందులను పూడ్చును. యంత్రమును కట్టివేసి, ప్లగ్గు తీసి, రెక్కలు తిరుగకుండ వ్రేలితో నాపి దుమ్ము నూదవలెను. పాతయంత్రమైనచో ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్పింపవలెను.

డిగ్రీలు తక్కువగనే యుండి, ఏ సూచనయు లేక ఆగినచో విద్యుత్తును విచారింపుడు. ఎగువ నందఱును తూములెత్తినప్పుడు శివారు పొలమునకు నీరు చాలదు. అట్లే ప్రాసెసరును, గ్రాఫిక్స్ కార్డును ఒక్కసారిగా కోరినంత విద్యుత్తును చిన్న పవర్ సప్లై యీయజాలక ఆగిపోవును. మా మనుమని యంత్రమునకు క్రొత్త మదర్‌బోర్డు కావలెనని ఒకరు చెప్పిరి. పరీక్షార్థము యూపీఎస్‌ను తప్పించి గోడప్లగ్గునకు కలుపగా ఆట సాగెను. 600 వీఏ యని వ్రాసియుండు యూపీఎస్ సాధారణముగా 360 వాట్లనే మోయును. ఆటలో ఆ యంత్రము కోరునది అంతకు మించినది.

ఇట్లు ఆగినపుడు విండోస్ తన చిట్టాలో ‘కెర్నెల్-పవర్ 41’ అని వ్రాయును. యంత్రము క్రమము తప్పి ఆగినదనియే దాని యర్థము. కారణమును అది చెప్పదు. దానినిబట్టి పవర్ సప్లైని కొనరాదు.

ఒక్క హెచ్చరిక. పవర్ సప్లై పెట్టెను ఎవ్వరును ఇంట విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను అందలి కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. మఱియు, పిల్లల పాఠములును ఆ యంత్రమందే యుండును గనుక, శోధనకు పూనుకొనకమునుపే వాని ప్రతిని వేఱొక చోట భద్రపఱుపుడు.