నమూనా విమానాల ఫోర్‌స్ట్రోక్ ఇంజను

నమూనా విమానాల ఫోర్‌స్ట్రోక్ ఇంజను అనగా నేలపై నిలుచుని రేడియో తరంగాల ద్వారా నడిపే చిన్న విమానాలలో అమర్చే అంతర్దహన యంత్రం. పీల్చుట, నొక్కుట, మండుట, వదలుట అనే నాలుగు స్ట్రోకులను ఇది క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగేలోగా పూర్తిచేస్తుంది. జపానుకు చెందిన ఓ.ఎస్. సంస్థ 1976లో ఎఫ్.ఎస్.-60 అనే ఇంజనును విడుదల చేసిన తరువాత ఇవి విరివిగా వాడుకలోకి వచ్చాయి. సైటో, ఎన్యా, వై.ఎస్. అనేవి ఈ రంగంలో పేరుపొందిన ఇతర జపాను సంస్థలు. భారతదేశంలో చాలాకాలం పాటు అభ్యాసకులకు సులువుగా దొరికినవి కలకత్తాలో తయారైన అరోరా డీజిలు ఇంజన్లు. అవి టూస్ట్రోక్ రకానికి చెందినవి.

ఇంజను ఎంపికలో సాధారణంగా అందరూ ముందు చూసేది అశ్వశక్తి సంఖ్యను. అయితే నెల్లూరు జిల్లా కొడవలూరు వంటి ప్రాంతంలో ఎగురవేయదలచినవారికి ప్రొపెల్లరు పరిమాణం, ఇంధనం లభ్యత అంతకన్నా ముఖ్యమైనవి.

పనిచేసే విధానం

నమూనా ఇంజన్లలో ఎక్కువ భాగం గ్లో ప్లగ్గుతో పనిచేస్తాయి. ప్లగ్గులోని ప్లాటినం తీగను మొదట బ్యాటరీతో వేడిచేస్తారు. ఇంజను అందుకున్న తరువాత మిథనాలు ఆవిరితో జరిగే ఉత్ప్రేరక చర్య, సిలిండరులోని వేడి కలిసి ఆ తీగను ఎర్రగానే ఉంచుతాయి. అందువలన బ్యాటరీని తీసివేయవచ్చు. మోటారు సైకిలు ఇంజనులో వలె అడుగున నూనె తొట్టి ఉండదు. ఇంధనంలోనే కలిపిన నూనె పిస్టను పక్కల నుండి జారి, బేరింగులను తడిపి, వెనుకనున్న చిన్న గొట్టం గుండా బయటకు పోతుంది.

టూస్ట్రోక్ ఇంజను ప్రతి చుట్టుకూ ఒకసారి మండగా, ఇది రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. కావున అదే పరిమాణంలో శక్తి తక్కువ. టూస్ట్రోక్ 40 సైజు (0.40 ఘనపు అంగుళాలు, 6.5 సి.సి.) ఇంజనుకు బదులుగా ఫోర్‌స్ట్రోక్‌లో 52 సైజు (8.5 సి.సి.) ఇంజనును, 60కి బదులుగా 91 (15 సి.సి.) ఇంజనును వాడటం పరిపాటి. 1980లలో అంతర్జాతీయ వైమానిక సమాఖ్య విన్యాసాల పోటీలలో టూస్ట్రోక్‌కు 10 సి.సి., ఫోర్‌స్ట్రోక్‌కు 20 సి.సి. వరకు అనుమతించడం కూడా ఈ తేడాను గుర్తించినందువల్లనే.

ప్రొపెల్లరు, నేల

శక్తి తక్కువైనా, ఫోర్‌స్ట్రోక్ ఇంజను తక్కువ వేగంతో పెద్ద ప్రొపెల్లరును తిప్పగలదు. 40 సైజు టూస్ట్రోక్ ఇంజను 10 అంగుళాల ప్రొపెల్లరును నిమిషానికి 12 వేల చుట్లకు పైగా తిప్పితే, 52 ఫోర్‌స్ట్రోక్ 12 అంగుళాల దానిని సుమారు 9-10 వేల చుట్లు తిప్పుతుంది. నెమ్మదిగా ఎగిరే, రెక్క వైశాల్యం ఎక్కువగా ఉన్న విమానాలకు ఇది చక్కగా సరిపోతుంది. నిజమైన విమానాలను పోలిన నమూనాలకు దీని లోగొంతు శబ్దం కూడా నప్పుతుంది. వేగపు పందేలకు మాత్రం ఇది పనికిరాదు.

అయితే ప్రొపెల్లరు రెండు అంగుళాలు పెరిగితే దాని కొస నేలకు ఒక అంగుళం (2.5 సెం.మీ.) దగ్గరవుతుంది. కొడవలూరు చుట్టుపక్కల సువిశాలమైన మైదానమంటే కోతలు పూర్తయిన వరి చేలే. అక్కడ కొయ్యకాళ్ళు, గట్లు, ఎండి బిగిసిన పెళ్ళలు ఉంటాయి. తారు రన్‌వే కోసం రూపొందించిన నమూనా బొమ్మను (ప్లానును) యథాతథంగా అనుసరిస్తే మొదటి దిగుడులోనే ప్రొపెల్లరు విరుగుతుంది, ఒక్కొక్కసారి క్రాంక్‌షాఫ్టు కూడా వంగుతుంది. కావున ఇంజను కొనడానికి ముందే చక్రాల కాళ్ళ ఎత్తును కొలుచుకోవాలి. పొడవైన కాళ్ళు, పెద్ద చక్రాలు అమర్చడానికి వీలులేని విమానానికి ఫోర్‌స్ట్రోక్ తగదు.

బరువును కూడా పరిశీలించాలి. 91 సైజు ఇంజను సుమారు 650 గ్రాములు తూగుతుంది. ముక్కు బరువెక్కితే తోకలో సీసం పెట్టవలసి వస్తుంది; అలా పెంచిన ప్రతి గ్రామూ దిగే వేగాన్ని పెంచుతుంది.

ఇంధనం

గ్లో ఇంజనుకు మిథనాలు, నూనె, కొంత నైట్రోమీథేను కలిపిన ఇంధనం కావాలి. ఫోర్‌స్ట్రోక్‌కు నూనె 15-20 శాతం, నైట్రోమీథేను 5-15 శాతం ఉండటం మామూలు. నైట్రోమీథేను తగ్గితే గరిష్ఠ శక్తి కొద్దిగానే తగ్గుతుంది కానీ, నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇంజను ఆగిపోయే అవకాశం పెరుగుతుంది. ఇటువంటప్పుడు కొంచెం వేడి రకం ప్లగ్గు వాడితే ఫలితం ఉంటుంది. మిథనాలు విషపదార్థం, దాని అమ్మకంపై నియంత్రణ ఉన్నది. మండే ద్రవం కావున విమాన పార్సెలులో రాదు. నెల్లూరు వారికి సుమారు 175 కి.మీ. దూరంలోని చెన్నై దగ్గరి పెద్ద నగరం. ఇంధనం క్రమంగా తెచ్చుకునే మార్గం ఏర్పరచుకోకుండా ఇంజను కొంటే అది బీరువాలో అలంకారంగా మిగులుతుంది.

నూనె విషయంలో మాత్రం మనకు కొరత లేదు. ఖనిజ నూనెలు మిథనాలులో కరగవు, ఆముదం కరుగుతుంది. ఎక్కువ వేడిలోనూ లోహాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలు ఆముదాల సాగుకు చిరకాలంగా పేరుపొందినవి. అయితే గింజలను వేయించి, నీటిలో ఉడికించి ఇంట్లో తీసే వంటాముదాన్ని వాడరాదు. అందులో మిగిలే తేమ, జిగురు కార్బ్యురేటరు సూదిని పూడ్చివేస్తాయి. గానుగలో చల్లగా పిండి, వడకట్టి, శుద్ధి చేసినదే తగినది. ఆముదం ఒక్కటే వాడితే కవాటాల కాడలపై గోధుమరంగు పొర పేరుకుంటుంది గనుక, కొంత కృత్రిమ నూనెతో కలిపి వాడటం మేలు.

మరొక మార్గం పెట్రోలు ఇంజను. సైటో సంస్థ 11 సి.సి. పరిమాణంలో కూడా నిప్పురవ్వ ప్లగ్గుతో పనిచేసే ఫోర్‌స్ట్రోక్ పెట్రోలు ఇంజను తయారుచేసింది. 20:1 పాళ్ళలో, అనగా లీటరు పెట్రోలుకు 50 మి.లీ. నూనె కలిపితే చాలు. పెట్రోలు బంకు ప్రతి మండలంలోనూ ఉంటుంది. ఇగ్నిషను పెట్టె, దాని బ్యాటరీ అదనపు బరువు. వాటిని రేడియో రిసీవరుకు దూరంగా అమర్చాలి. ప్రస్తుతం దేశంలో అమ్మే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు ఉన్నందున, ఎగురవేత ముగిశాక ట్యాంకులో ఇంధనం నిలువ ఉంచరాదు. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది, కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. మిథనాలు దొరకని చోట, ఖర్చు ఎక్కువైనా, పెట్రోలు ఇంజనే మేలైన ఎంపిక.

గాలి, వేడిమి

ఉష్ణోగ్రత 15 డిగ్రీల నుండి 40 డిగ్రీల సెల్సియసుకు పెరిగితే గాలి సాంద్రత సుమారు 8 శాతం తగ్గుతుంది. ఇంజను శక్తి, రెక్కల ఎత్తుడు బలం రెండూ ఆ మేరకు తగ్గుతాయి. చల్లని దేశాల పుస్తకాలలో సరిహద్దుగా చెప్పిన ఇంజనుకన్నా ఒక సైజు పెద్దది తీసుకోవడానికి ఇదే కారణం. ఇక సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదులో సరిచేసిన ఇంజనును నెల్లూరు తీరానికి తెస్తే, ఇక్కడి చిక్కని గాలికి ఇంధనం చాలక మిశ్రమం పలుచబడుతుంది. సూదిని కొద్దిగా తెరిచి మళ్ళీ సరిచూసుకోవాలి.

ఈ జాగ్రత్త చిన్న విషయం కాదు. పలుచని మిశ్రమంతో ఫోర్‌స్ట్రోక్ ఇంజను సమయానికి ముందే మండి వెనుకకు తన్నుతుంది. అప్పుడు నట్టు వదులై ప్రొపెల్లరు ఎగిరిపోవచ్చు. అందుకే ఈ ఇంజన్లకు జంట నట్లు బిగిస్తారు. వేలితో తిప్పి స్టార్టు చేయకుండా విద్యుత్ స్టార్టరు వాడాలి. ఇంజను అందుకున్న వెంటనే ప్రొపెల్లరు వెనుకకు వచ్చి, అక్కడి నుండే సూదిని సవరించాలి. ప్రొపెల్లరు తిరిగే తలానికి ఎదురుగాగాని, పక్కగాగాని పిల్లలను నిలబడనీయరాదు.

సంరక్షణ

నైట్రోమీథేను మండగా ఏర్పడే ఆమ్లాలు, తీరపు తేమ కలిసి బేరింగులను తుప్పుపట్టిస్తాయి. ట్యాంకు పైపు తీసి ఇంజను తనంతట ఆగేవరకు నడిపి, వెనుక గొట్టం గుండా కొన్ని చుక్కల నూనె పోసి తిప్పాలి. పాత ఇంజను కొనేవారు షాఫ్టును నెమ్మదిగా తిప్పి చూడాలి. గరగర వినిపిస్తే బేరింగులు పోయినట్లే. కవాటాల సందును ఇంజను చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఓ.ఎస్. ఇంజన్లలో ఇది 0.04 నుండి 0.1 మి.మీ. మధ్య ఉండాలి. మొదటి గంట నడక తరువాత ఒకసారి తప్పనిసరిగా సరిచూడాలి.

నిబంధనలు

2021 ఆగస్టులో వెలువడిన డ్రోన్ నిబంధనలు మొత్తం బరువు 25 కిలోలకు మించక, విద్య, పరిశోధన, వినోదాలకు మాత్రమే వాడుతూ, కంటికి కనిపించే దూరంలో ఎగిరే వాటిని నమూనా విమానాలుగా నిర్వచించాయి. ఎరుపు, పసుపు మండలాలలో ముందస్తు అనుమతి అవసరం. జిల్లాకు దక్షిణాన శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఉన్నది, కొడవలూరుకు ఉత్తరాన దగదర్తి వద్ద విమానాశ్రయం తలపెట్టారు. కావున ఎగురవేసే రోజున డిజిటల్ స్కై వేదికలోని గగనతల పటాన్ని చూడటం అవసరం.